యాళిని నిలబెట్టకండి, పడుకోబెట్టండి

ప్రశ్న: సార్, మాది కడప. మా పాపకు ఒంటిమిట్ట గుడి స్తంభాల మీది యాళి అంటే ప్రాణం. మొన్న సెలవుల్లో నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌కి వెళ్లి దాన్నే ఇసుకతో చేయబోయాం. మూడు గంటలు కష్టపడ్డాం. ముందుకాళ్లు విరిగాయి, తొండం ఊడిపడింది, పాప ఒకటే ఏడుపు. సంక్రాంతికి మళ్లీ వెళ్తున్నాం. ఎక్కడ తప్పు చేశాం?
— ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, పాప ఎంచుకున్నది చిన్న బొమ్మ కాదు. సింహం ఒళ్లు, ఏనుగు తొండం, ఉబికిన గుడ్లు! ప్రొద్దుటూరులో డ్రాయింగ్ మాస్టారుగా ఉన్నన్నాళ్లూ నేను పిల్లల చేత ఎక్కువసార్లు గీయించింది యాళినే. అయితే గుడిలో అది వెనక కాళ్ల మీద లేచి ఉంటుంది. రాయి కాబట్టి నిలిచింది. పైగా దాని వీపు స్తంభాన్ని అంటుకునే ఉంటుంది, ఈసారి వెళ్లినప్పుడు పాపకు చూపించండి. ఇసుకకు ఆ ఆసరా లేదు. గాలిలో వేలాడే దేన్నీ అది మోయలేదు. అందుకే మీ యాళిని లేపాక్షి నందిలా కూర్చోబెట్టండి, లేదా పూర్తిగా పడుకోబెట్టండి. తొండం రొమ్ముకు ఆనాలి, తోక ఒంటిని చుట్టుకోవాలి.

ఇంకొకటి. మీరు ముద్దలు చేసి అతికించి ఉంటారు. పెన్న ఇసుకలో మేం చేసిన మొదటి మకరం అలాగే పోయింది. మూతి అతికించాం, ఎండకు కాసేపట్లోనే రాలిపోయింది. ఆ బాధ నాకు తెలుసు. అతికించకూడదమ్మా, చెక్కాలి. చెక్కాలంటే ముందు గట్టి కుప్ప కావాలి. అడుగు కోసేసిన పాత ప్లాస్టిక్ బకెట్‌ని బోర్లించి, జానెడు ఇసుక పోసి, నీళ్లు పోసి, పిడికిలితో బాగా అదమండి. మళ్లీ జానెడు, మళ్లీ నీళ్లు. నిండాక బకెట్ మెల్లగా పైకి లాగండి. నీళ్లు కిందికి ఇంకిపోయాక రేణువుల మధ్య సన్నటి తడి మిగులుతుంది. వాటిని పట్టి ఉంచేది ఆ తడే. ఎండితే పట్టు వదిలేస్తుంది, నీళ్లు మరీ ఎక్కువైతే జారిపోతుంది. మధ్యమధ్యలో స్ప్రే సీసాతో తడపడం మరిచిపోవద్దు.

చెక్కడం తల నుంచి మొదలుపెట్టి కిందికి రండి. అప్పుడు పైనుంచి రాలే ఇసుక, చేసిన పనిని పాడుచేయదు. పెద్ద కోతలకు తాపీ, కళ్లకు చెంచా, జూలుకు ఐస్‌క్రీం పుల్ల. గుంటల్లో పొడిని స్ట్రాతో ఊదేయండి. జూలు మాత్రం పాపకే వదలండి.

పోటు నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఒడ్డున చెత్త గీత చెబుతుంది, దానికి పైన చోటు చూసుకోండి. నీళ్లు పెద్దవాళ్లే తేవాలి. పిల్లల్ని బకెట్లతో అలల్లోకి పంపొద్దు. తవ్విన గుంట పూడ్చి రండి.

సంక్రాంతి లోపు పుష్పగిరి దగ్గర పెన్న ఒడ్డున ఒకసారి చేసి చూడండి. మైపాడు వెళ్లే దారిలో నెల్లూరులో మీకు మళ్లీ కనిపించేది ఆ పెన్నే. ఏటి ఇసుక గరుకుగా ఉంటుంది కాబట్టి పట్టు బాగుంటుంది. ఇసుక తవ్వేసిన గుంతలున్న వైపు మాత్రం వెళ్లకండి, వాటి లోతు పైకి తెలియదు. బయల్దేరే ముందు పాప చేత యాళిని కాగితం మీద రెండుసార్లు గీయించండి: ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. ఇసుకలో పని మొదలయ్యాక తొండం ఎటు తిప్పాలన్న గొడవ రాదు.