గ్యాస్ కొట్టించినాక పది రోజులు బాగుండి మళ్ళీ మొరాయించే ఫ్రిజ్

ప్రశ్న: అన్నా, మాది కడప, యర్రముక్కపల్లి. డబల్ డోర్ ఫ్రిజ్, కొని ఆరేళ్ళయింది. రెండు నెలల నుంచి పైన ఫ్రీజర్‌లో ఐస్ కడతానే ఉంది గానీ కింద మాత్రం కూలింగ్ లేదు, పెరుగు ఒక్కరోజుకే పులిసిపోతాంది, దోసపిండి పొద్దున పెడితే సాయంత్రానికి పొంగి గిన్నె దాటి కారిపోతాంది. మెకానిక్ వచ్చి గ్యాస్ అయిపోయిందన్నాడు, ఫ్రిజ్ అంగడికి తీసుకపోయి రెండు రోజులు పెట్టుకొని తెచ్చిచ్చి మూడు వేలు తీసుకున్నాడు. పది రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది, మళ్ళీ అదే కత. ఇప్పుడేమో బోర్డు పోయింది ఇంకో ఐదు వేలు అంటాన్నాడు. మా అత్త దాన్ని అమ్మేసి కొత్తది తెచ్చుకోండి అంటాంది. ఇంకోటి, ఫ్రీజర్ వెనక అప్పుడప్పుడు గరగరమని సౌండ్ వస్తాది, డోర్ తీస్తే ఆగిపోతాది. ఏం చేయమంటారు?

జవాబు: అక్కా, బోర్డుకు, అంటే ఫ్రిజ్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌కు, ఇప్పుడే దుడ్లు ఇయ్యొద్దు. అమ్మొద్దు కూడా. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది, పది రోజులు బాగా పనిచేసింది అన్నారు చూడండి, అదే. ఫ్రిజ్ రెండు రోజులు కరెంటు లేకుండా అంగట్లో పడి ఉంది కదా, లోపల గడ్డకట్టిన మంచు అంతా ఆ రెండు రోజుల్లో కరిగిపోయింది. అందుకే బాగైంది. గ్యాస్ కొట్టకుండా ఊరికే ప్లగ్ పీకి డోర్ తీసి పెట్టినా అదే పది రోజులు పనిచేసేది, మూడు వేలు మిగిలేది. అసలు గ్యాస్ అనేది స్కూటర్లో పెట్రోల్ మాదిరి వాడితే అయిపోయేది కాదు, సీలు చేసిన పైపుల్లోనే తిరుగుతా ఉంటాది, లీకైతే తప్ప తగ్గదు. లీకు యాడుందో చూపించకుండా గ్యాస్ నింపినాడంటే నాకైతే నమ్మకం లేదు.

మీ ఫ్రిజ్‌లో చల్లదనం పుట్టేది ఒకే చోట, ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ ప్లేట్ చాటున ఉండే కాయిల్ దగ్గర. ఒక చిన్న ఫ్యాన్ ఆ చల్లగాలిని ఫ్రీజర్‌లోకీ, ఒక దారిగుండా కిందికీ తోస్తాది. డోర్ తీసినప్పుడల్లా లోపలికి పోయే తేమ ఆ కాయిల్ మీద మంచు మాదిరి కడతాది, అది మామూలే. దాన్ని కరిగించడానికి కంప్రెసర్ కొన్ని గంటలు నడిచినాక ఒకసారి కాయిల్ కింద హీటర్ వెలుగుతాది, నీళ్ళు సన్న పైపులో వెనకాల ట్రేలోకి దిగి ఆవిరైపోతాయి. ఇట్లా మంచు కరిగించడాన్నే డీఫ్రాస్ట్ అంటారు, ఇది మనకు తెలీకుండానే జరుగుతా ఉంటాది. హీటర్ ఇంక చాలు అని బోర్డుకు చెప్పేది డీఫ్రాస్ట్ సెన్సార్. అది తప్పు చెప్పిందనుకోండి, మంచు పూర్తిగా కరగదు, మిగిలిన దాని మీద ఇంకో పొర, దాని మీద ఇంకో పొర, పది రోజులకు కాయిల్ గోడకట్టినట్టు మూసుకుపోతాది. గాలి కిందికి దిగదు. ఫ్రీజర్ ఆ గడ్డ పక్కనే ఉంటాది కాబట్టి చల్లగానే ఉంటాది, మీ పెరుగు పులుస్తాది. ఆ గరగర ఫ్యాన్ రెక్క ఐస్‌కు తగిలే సౌండు, చాలా మోడల్స్‌లో డోర్ తీస్తే ఫ్యాన్ ఆగుతాది కాబట్టి అది కూడా ఆగుతాంది.

ఇప్పుడు మెకానిక్ వస్తే ప్లగ్ పీకేసి ఆ వెనక ప్లేట్ విప్పించి మీరు కళ్ళారా చూడండి. కాయిల్ మొత్తం తెల్లగా గడ్డకట్టి ఉంటే డీఫ్రాస్ట్ తప్పు. ఒక మూల మాత్రం కాసింత మంచు ఉండి మిగతా పైపులు ఉత్తగా ఉంటే అప్పుడు గ్యాస్ తక్కువ. ఈ ఒక్క చూపుతో తేలిపోయే దానికి వేలు పోసుకుంటున్నారు జనం. కత్తితోనో స్పూన్‌తోనో ఆ గడ్డను గీకొద్దు, కాయిల్ బొక్క పడితే నిజంగానే గ్యాస్ పోతాది, పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆర్-600ఏ గ్యాస్, అంటే ఐసోబ్యూటేన్, అంటుకునే రకం. దానంతట అది కరగనీయండి, కింద పాత బట్టలు పరచండి.

కరిగినాక సెన్సార్ కనపడతాది, కాయిల్‌కు క్లిప్ పెట్టి ఉండే చిన్న ప్లాస్టిక్ గొట్టం, రెండు వైర్లు. చల్లగా అయ్యేకొద్దీ దాని ఓమ్స్, అంటే కరెంటును అడ్డుకునే లెక్క, పెరగాల, వేడెక్కేకొద్దీ తగ్గాల. కనెక్టర్ పీకి మల్టీమీటర్ పెట్టి, గ్లాసులో నలగ్గొట్టిన ఐస్, కొంచెం నీళ్ళు కలిపి సెన్సార్‌ను ఐదు నిమిషాలు ముంచాల. 25 డిగ్రీల దగ్గర 10 వేల ఓమ్స్ ఉండే రకమైతే ఐస్ నీళ్ళలో 30 వేల చుట్టూ చూపిస్తాది, 5 వేల రకమైతే 15 వేల చుట్టూ. తర్వాత తీసి పిడికిట్లో పట్టుకుంటే అంకె నిదానంగా దిగుతా రావాల. దూకినా, కదలకుండా ఉన్నా, అసలేమీ చూపించకపోయినా సెన్సార్ పోయినట్టే.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాల. మే నెలలో మన ఇండ్లల్లో గది వేడే 40 దగ్గరుంటాది, అప్పుడు బాగున్న 10 వేల సెన్సార్ కూడా 5 వేల పైచిలుకే చూపిస్తాది. 10 వేలు రాలేదు పోయింది అని మంచి సెన్సార్ పారేసేవాళ్ళు ఉన్నారు, కొత్తలో నేనూ ఒకటి పారేసినా, సిగ్గుపడాల్సిన పనే. ఐస్ నీళ్ళు మాత్రం కడపలోనైనా కాశ్మీర్‌లోనైనా సున్నా డిగ్రీలే, అందుకే నేను ఆ గ్లాసునే నమ్ముతా.

సెన్సార్ ఒక్కసారిగా తెగిపోతే చాలా బోర్డులు కనిపెట్టేస్తాయి, లైటు మినుకుతాది లేదా ఎర్రర్ కోడ్ వస్తాది. ఇబ్బంది పెట్టేది సగం పోయిన సెన్సార్. లోపలికి తేమ చేరి ఓమ్స్ తగ్గిపోతాయి, బోర్డు ఏమో ఓహో కాయిల్ వేడెక్కింది అనుకొని హీటర్‌ను తొందరగా ఆపేస్తాది, అంకె మరీ అన్యాయంగా లేదు కాబట్టి ఎర్రర్ కూడా చూపించదు, మెకానిక్ ఏమో బోర్డు మీద పడతాడు. మీది ఇదే అయ్యుంటాదని నా అనుమానం, గ్లాసు పరీక్షలో రావాల్సిన దానికన్నా బాగా తక్కువ వస్తే ఖాయం చేసుకోండి.

సెన్సార్ బాగుంటే హీటర్, దాని పక్కన థర్మల్ ఫ్యూజ్, అంటే మరీ వేడెక్కితే హీటర్‌కు కరెంటు తెంచేది, చూడమనండి. 200 వాట్ల హీటర్ అయితే 265 ఓమ్స్ దగ్గర రావాల, ఫ్యూజ్ సున్నాకు దగ్గర చూపాల. ఫ్యూజ్ పోతే అది తీసేసి వైర్లు డైరెక్ట్ కలిపేస్తా అంటాడు ఎవడో ఒకడు, ఒప్పుకోవద్దు, హీటర్ ఆగకపోతే ప్లాస్టిక్ కరిగి ఇంటికే చేటు. ఇవన్నీ బాగున్నాయి అన్నప్పుడే బోర్డు మాట. కొత్త సెన్సార్ మాత్రం మోడల్ నంబర్ చూపించి అదే విలువది తెప్పించండి, పాతది యాడ క్లిప్ పెట్టి ఉందో ఆడనే పెట్టించండి, జాయింట్‌కు ఊరికే టేప్ చుడితే మళ్ళీ తేమ పడతాది, హీట్ ష్రింక్, అంటే వేడి చేస్తే ముడుచుకొని బిగుసుకునే గొట్టం, వేయించండి. వందల్లో అయిపోయే పని.

ప్రశ్న: మాది అనంతపురం. సింగిల్ డోర్ పాత ఫ్రిజ్, ఫ్రీజర్ డబ్బా చుట్టూ ఐస్ గడ్డకడతాంది. డీఫ్రాస్ట్ సెన్సార్ మార్చాలి అంటున్నాడు మెకానిక్. నిజమేనా?

జవాబు: ఏ సెన్సారో చూపించమనండి తమ్ముడూ. మీ రకం ఫ్రిజ్‌లలో చాలావాటికి ఆ సెన్సారే ఉండదు, థర్మోస్టాట్ మధ్యలో ఉండే బటన్ మనమే నొక్కాల, ఐస్ కరిగినాక అదే వెనక్కి వస్తాది. గడ్డ మరీ తొందరగా కడతాంటే డోర్ రబ్బర్ చూడండి. మధ్యలో పది రూపాయల నోటు పెట్టి డోర్ వేసి లాగండి, జారినట్టు వచ్చేస్తే రబ్బర్ వదులైంది.

ప్రశ్న: కర్నూలు నుంచి రాస్తున్నా. డబల్ డోర్, కూలింగ్ బాగుంది, కూరగాయల ట్రే కింద మాత్రం రోజూ నీళ్ళు. ఇది కూడా సెన్సారేనా అన్నా?

జవాబు: కాదు. డీఫ్రాస్ట్ బాగా జరుగుతాంది కాబట్టే నీళ్ళు వస్తాన్నాయి, అవి దిగే దారి మూసుకుపోయింది అంతే. ప్లగ్ పీకి, ఫ్రీజర్ వెనక ప్లేట్ విప్పించి కాయిల్ కింద బొక్కలోకి గోరువెచ్చని నీళ్ళు సూది లేని సిరంజితో కొంచెం కొంచెంగా వదలమనండి. సలసల కాగే నీళ్ళు వద్దు. వెనకాల కంప్రెసర్ మీది ట్రేలో నీళ్ళు పడిన చప్పుడు వినపడితే దారి తెరుచుకున్నట్టే, ఆ ట్రే కూడా ఒకసారి కడిగేయండి, ఈపాటికి వాసన వస్తా ఉంటాది.