రాయి మీద రంగు పెచ్చులూడకుండా

గోదావరి ఒడ్డున ఏరిన గులకరాయి మీద లకుముకిపిట్టను వేస్తే వారానికే రంగు పెచ్చులుగా లేచిందన్నారు కదండీ. తప్పు రంగుది కాదు. ఏటిరాయి పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉండిపోవచ్చు, పైగా మరీ నున్నగా ఉంటే రంగు పట్టుకోదు. సబ్బుతో కడిగి మూడు రోజులు ఎండబెట్టండి. 220 నంబరు శాండ్‌పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిచి, తెల్ల యాక్రిలిక్ పల్చగా ఒక పూత వేయండి. అది బాగా ఆరాకే బొమ్మ. ఆపైన వార్నిష్ రెండు పల్చని పూతలు చాలు. అడుగున మాత్రం వేయకండి, మిగిలిన తడి పోవడానికి దారి ఉండాలి.

ఎలాగూ మళ్లీ వేస్తారు కాబట్టి ఇంకో మాట. మా కాలువగట్టు మీద కరెంటు తీగపై రోజూ కూర్చునే లకుముకికి తెలుపు గొంతు, రొమ్ము వరకే. తల, పొట్ట చాక్లెట్ రంగు. మీరు పొట్టంతా తెల్లగా వేశారు. ఆరాక ఫొటో తప్పకుండా పెట్టండి!