ఫ్లాట్‌మేట్స్‌తో ఉన్న ఇంట్లో అడ్వాన్స్ వాటా వెనక్కి తీసుకోవడం

మీరొక్కరే ఇల్లు ఖాళీ చేస్తూ, ఫ్లాట్‌మేట్‌కు ఫోన్‌పేలో వేసిన 20 వేల అడ్వాన్స్ వాటా వెనక్కి అడిగితే ఓనర్ "నీతో నాకు సంబంధం లేదు" అంటున్నాడంటే, అగ్రిమెంట్ మీ ఫ్లాట్‌మేట్ ఒక్కడి పేరు మీదే ఉండుంటుంది. మీరు ఆ 20 వేలు వేసింది కూడా అతనికే. కాబట్టి అడగాల్సింది అతన్నే. మిగతావాళ్లు ఉంటున్నంతకాలం ఓనర్ అడ్వాన్స్ కదపడు.

1. ఫోన్‌పేలో ఆ పేమెంట్ వెతికి స్క్రీన్‌షాట్ తీసుకోండి.
2. ఖాళీ చేసే తేదీ ఓనర్‌కీ, ఫ్లాట్‌మేట్‌కీ ఇద్దరికీ వాట్సాప్‌లో పెట్టండి. నోటిమాట చాలదు.
3. అందరూ మర్చిపోయేది ఇదే: మీ బదులు వచ్చే మనిషి అడ్వాన్స్ నేరుగా మీకే వేయాలి. ఫ్లాట్‌మేట్ చేతిలో పడిందా, "వచ్చే నెల చూద్దాం" మొదలవుతుంది. డబ్బు పడ్డాక, "ఇకపై ఈ వాటా కొత్తవాళ్లది" అని గ్రూపులో మెసేజ్ పెట్టించి, అప్పుడు తాళంచెవి ఇవ్వండి.
4. కరెంటు బిల్లులో మీ వాటా కట్టేయండి. పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో కోత మాత్రం ఒప్పుకోకండి. హైదరాబాద్‌లో అది మామూలే గానీ, ఇల్లంతా ఖాళీ అయినప్పటి లెక్క అది.