తిరుపతిలో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) ఫోన్ యాప్‌లో 112, సమీర్ యాప్‌లో 67. మా నాయనకి ఆస్తమా ఉంది, ఏది నమ్మాలి?

రెండూ కరెక్టే, స్కేల్ వేరు అంతే. మీ ఫోన్ యాప్ అమెరికా లెక్కలో చూపిస్తాంది, సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) వాళ్ల సమీర్ మన దేశం లెక్కలో. తిరుపతి గాలి మాత్రం ఒకటే.

చాలామంది మిస్సయ్యేది ఇక్కడే: సమీర్‌లో పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి కణాలు) ఎదురుగా కనిపించేది మైక్రోగ్రాములు కాదు, అది కూడా ఇండెక్సే (స్కేల్ మీద నంబరే). దాన్ని నేరుగా లిమిట్‌తో పోల్చేస్తే లెక్క మొత్తం తప్పుతాది.

1. పీఎం 2.5 ఇండెక్స్ 100 లోపల ఉంటే 0.6తో గుణించండి. 67 అంటే క్యూబిక్ మీటర్‌కి సుమారు 40 మైక్రోగ్రాములు. అమెరికా స్కేల్‌లో ఇదే 40 వేస్తే మీకొచ్చిన 112 వస్తాది, చూస్కోండి.

2. మన 2009 స్టాండర్డ్ ప్రకారం పీఎం 2.5కి 24 గంటల లిమిట్ 60 మైక్రోగ్రాములు, డబ్ల్యూహెచ్‌వో 2021లో చెప్పింది 15. అందుకే సమీర్‌లో ఆకుపచ్చ రంగు వచ్చినా మీ నాయనకి ఆస్తమా ఉంది కాబట్టి అమెరికా నంబరే చూడండి, 100 దాటితే కపిలతీర్థం రోడ్డు వైపు వాకింగ్ ఆ పూటకి వద్దనండి, ఇన్‌హేలర్ దగ్గరే పెట్టుకోమనండి.

3. సమీర్‌ది 24 గంటల సగటు, పక్క వీధిలో ఇప్పుడే చెత్త తగలబెట్టినా అందులో వెంటనే తెలీదు. పొగ వాసనొస్తే నంబర్ చూస్తా కూర్చోకుండా కిటికీలు మూసేయండి.