పెట్టె మీద మీ పేరుంటే సోర్స్ కోడ్ బాధ్యత కూడా మీదే

ప్రశ్న: లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో, కేసింగ్‌తో సహా సిద్ధంగా వచ్చే చిన్న నెట్‌వర్క్ బోర్డులు కొని, మా లేబుల్ వేసి రూటర్లుగా అమ్ముతున్నాం. సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన మూల కోడ్) ఇవ్వమని ఒక కెర్నల్ (లైనక్స్ కేంద్ర భాగం) డెవలపర్ నుంచి లేఖ అంది 21 రోజులైంది. కోడ్‌లో మేం ఒక్క అక్షరం కూడా మార్చలేదు. తయారీదారు మెయిల్స్‌కి జవాబివ్వడు. కొనుగోలు ఆర్డర్‌లో కోడ్ ప్రస్తావన లేదు. కెర్నల్ అధికారిక సైట్ కెర్నల్.ఆర్గ్ నుంచి అదే వెర్షన్ దించి పంపేద్దామని మా ఇంజనీర్ అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తప్పు మాది కానప్పుడు బాధ్యత మాదెలా అవుతుంది?

జవాబు: కోడ్ ఎవరు మార్చారన్నదాన్ని బట్టి ఈ కేసు తేలదు. కాపీని ఎవరు పంచారన్నదే చూస్తారు. లైనక్స్ కెర్నల్, ఇలాంటి బోర్డుల్లో దానితో పాటు సాధారణంగా ఉండే బిజీబాక్స్ (చిన్న కమాండ్ల సెట్) రెండూ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ 2వ వెర్షన్ కింద ఉన్నాయి. డబ్బు తీసుకుని పెట్టె అమ్మారంటే మీరు పంపిణీదారు. ఆ లైసెన్స్ 3వ నిబంధన ప్రకారం సోర్స్ కోడ్ పెట్టెతో పాటే ఇవ్వాలి, లేదా అడిగినవారికి కోడ్ ఇస్తామని కనీసం 3 ఏళ్ళు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి. తయారీదారు ఇచ్చిన హామీనే కొనేవారికి అందించి ఊరుకునే వెసులుబాటు వ్యాపారేతర పంపిణీకే ఉంది. మీకు ఆ హామీ కూడా లేదు. నిబంధన తప్పితే 4వ నిబంధన ప్రకారం మీ లైసెన్స్ దానంతటదే రద్దవుతుంది. ఆ తర్వాత అమ్మే ప్రతి పెట్టే కాపీరైట్ ఉల్లంఘనే. కొన్నవారి హక్కులు మాత్రం పోవు. 2004లో నెట్‌ఫిల్టర్ (లైనక్స్‌లో నెట్‌వర్క్ డేటాను వడగట్టే భాగం) డెవలపర్ హెరాల్డ్ వెల్టే రూటర్లు అమ్మే సంస్థపై వేసిన కేసులో, ఈ లైసెన్స్ చెల్లుతుందని మ్యూనిక్ కోర్టు తేల్చింది.

ఇక గడువు. కెర్నల్ డెవలపర్లు చాలామంది 2017లో ఒక ప్రకటన చేశారు. దాని ప్రకారం, ఒక డెవలపర్ నుంచి మొదటిసారి నోటీసు అందుకున్నవారు అది అందిన 30 రోజుల్లో తప్పు సరిదిద్దుకుంటే హక్కులు శాశ్వతంగా తిరిగొస్తాయి. మీకు మిగిలింది 9 రోజులు. ఆ గడువు కూడా ఆ ప్రకటనపై సంతకం చేసిన డెవలపర్ల విషయంలోనే వర్తిస్తుంది. లేఖ రాసినవారి పేరు ఉందో లేదో కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోని జాబితాలో ఈ రోజే చూడండి. బిజీబాక్స్ వేరే ప్రాజెక్టు, దానికి ఈ ప్రకటన వర్తించదు.

మీ ఇంజనీర్ చెప్పిన పని మాత్రం చేయకండి. ఆ బోర్డులో నడుస్తున్న కెర్నల్‌కి చిప్ కంపెనీ, తయారీదారు ప్యాచ్‌లు (కోడ్ మార్పులు), డ్రైవర్లు కలిపి ఉంటారు. లైసెన్స్ అడిగేది సరిగ్గా ఆ బైనరీకి (బోర్డులో నడుస్తున్న ప్రోగ్రామ్‌కి) సరిపోయే కోడ్, దాన్ని కంపైల్ (నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం), ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టులతో సహా. లేఖ రాసిన మనిషి మీరు పంపింది కంపైల్ చేసి పోల్చగలడు. తేడా దొరికిన రోజు, తెలియక చేసిన తప్పు తెలిసి చేసిన మోసంగా మారుతుంది. అబద్ధం మీ సంతకంతోనే వెళ్తుంది.

ముందు మిగిలిన స్టాక్ అమ్మకం ఆపండి. ప్రతి లాట్ నుంచి సీల్ తీయని ఒక పెట్టె పక్కన పెట్టండి. ఇంకో దానికి సీరియల్ కేబుల్ తగిలించి బూట్ లాగ్ (బోర్డు ఆన్ అయ్యేటప్పుడు వచ్చే సందేశాలు) భద్రపరచండి. మొదటి వరుసల్లోనే కెర్నల్ వెర్షన్, దాన్ని కంపైల్ చేసిన తేదీ కనిపిస్తాయి. ఏ లాట్‌లో ఏ ఫర్మ్‌వేర్ (బోర్డులో ఎక్కించిన సాఫ్ట్‌వేర్) వెళ్ళిందో చెప్పే సాక్ష్యం అదే. ఇన్వాయిస్‌లు, మెయిల్స్ దానికి జత చేయండి.

తయారీదారుకి మెయిల్ కాదు, లాట్ నంబర్లతో, గడువుతో లాయర్ నోటీసు వెళ్ళాలి. ఆర్డర్‌లో కోడ్ మాట లేకపోయినా, అమ్మడానికి చట్టపరమైన అడ్డు ఉన్న సరుకు ఇచ్చాడన్న వాదన మీకుంది. ఆ దావాకి కాలపరిమితి సరుకు అందిన తేదీ నుంచే లెక్కపెట్టే చోట్లు ఉన్నాయి కాబట్టి మొదటి డెలివరీ చలాన్ వెతికి లాయర్‌కి చూపించండి. నోటీసు వెళ్ళే రోజే లేఖ రాసినవారికీ జవాబివ్వండి: అమ్మకం ఆపాం, కోడ్ తెప్పిస్తున్నాం, ఫలానా తేదీకి ఇస్తాం అని. కోడ్ వచ్చాక మీ ఇంజనీర్ దాన్ని కంపైల్ చేసి బోర్డులో ఎక్కించి, బూట్ అయ్యాకే పంపాలి.

తయారీదారు ఇవ్వకపోతే, ఆ బోర్డుకి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్ల కోసం ఉన్న ఓపెన్ సోర్స్ లైనక్స్) మద్దతు ఉంటే మీరే ఫర్మ్‌వేర్ తయారు చేసుకుని ఇకపై దానితోనే, కోడ్ జతచేసి అమ్మండి. ఇప్పటికే అమ్మినవాటి బాధ్యత దానితో తీరదు. వాటి సంగతి లేఖ రాసినవారితో మాట్లాడి, రాతపూర్వకంగా తేల్చుకోవాలి.