జబ్బు పేరు తేలేదాకా ఏం చెయ్యాలి?

చిరంజీవి బాబుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. కుడిచేతి బలం తగ్గుతోందని, కండలు అదురుతున్నాయని, ఒక డాక్టరు మెడ ఎముకల అరుగుదల అంటే ఇంకొకరు మోటార్ న్యూరాన్ డిసీజ్, అంటే కండరాలని కదిలించే నరకణాలు దెబ్బతినే జబ్బు కావచ్చు అన్నారని. ఆ మాట విన్న దగ్గర్నుంచి నీకు నిద్ర లేదని కూడా చెప్పింది. ఉండదు నాన్నా, ఎవరికుంటుంది.

మీ పెదనాన్నకి ఈ మోటార్ న్యూరాన్ జబ్బే అని తేలేదాకా మేము నడిచిన దారి నాకు బాగా గుర్తుంది. ఆ తర్వాత ఇదే అనుమానంతో తిరుగుతున్న కొన్ని కుటుంబాలకి ఫైళ్లు సర్దిపెట్టి, డాక్టర్ల దగ్గరికి తోడుగా వెళ్లాను. నేను డాక్టర్ని కాను, నీకున్నది ఏమిటో చెప్పలేను. స్పష్టమైన జవాబు రాబట్టుకోవడానికి ఏం చెయ్యాలో మాత్రం చెప్పగలను.

ముందు ఒక సంగతి బాగా పట్టించుకో. ఈ జబ్బు ఉందని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఒక్కటీ లేదు, స్కానింగూ లేదు. నరాల డాక్టరు ఒళ్లంతా చేత్తో పరీక్షించాలి, నెలలు గడిచేకొద్దీ వస్తున్న మార్పు చూడాలి, ఇలాగే కనబడే వేరే జబ్బులు కావని తేల్చుకోవాలి. 2019లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో నిపుణులు సమావేశమై ఈ జబ్బుని నిర్ధారించే కొలమానాలని సులువు చేశారు, కానీ వాటికీ మూలం ఈ మూడే. లక్షణం మొదలైన దగ్గర్నుంచి పేరు ఖాయమయ్యేసరికి చాలామందికి ఇంచుమించు ఏడాది పడుతోందంటే కారణం ఇదే. కాబట్టి టెస్టుల వెంట పరిగెత్తకు. నిన్ను మళ్లీ మళ్లీ చూసి, అన్నీ కలిపి ఆలోచించే ఒక మంచి న్యూరాలజిస్టుని పట్టుకో. కండరాలు, నరాల జబ్బుల మీదే ఎక్కువ పని చేసేవాళ్లు, లేదా ఈ జబ్బుకి ప్రత్యేక క్లినిక్ నడిపేవాళ్లు దొరికితే ఇంకా మంచిది. ఎముకల డాక్టరు దగ్గర ఈ కేసు ఉండిపోకూడదు.

డాక్టరు చేత్తో చూడటానికి అంత విలువ ఎందుకో చెప్తాను. కండరాలని కదిలించే నరకణాలు రెండు అంచెల్లో ఉంటాయి. పై అంచెవి మెదడు నుంచి వెన్నుపాముకి కబురు తెస్తాయి, కింది అంచెవి అక్కణ్ణుంచి కండరానికి చేరవేస్తాయి. కిందివి దెబ్బతింటే కండ కరుగుతుంది, అదురుతుంది, సుత్తితో తడితే వచ్చే కదలిక తగ్గుతుంది. పైవి దెబ్బతింటే కాళ్లూ చేతులూ బిగుసుకుంటాయి, ఆ కదలిక ఎక్కువవుతుంది. రెండూ ఒకే చేతిలో కలిసి కనబడితే డాక్టర్లు జాగ్రత్తపడతారు. మీ పెదనాన్న ముంజేయి అప్పటికే సన్నబడిపోయి ఉంది. డాక్టరమ్మ మణికట్టుకి కాస్త పైన రబ్బరు సుత్తితో తట్టగానే చెయ్యి ఎగిరిపడింది. ఆవిడ ఇంకోసారి తట్టారు, మళ్లీ అంతే. అప్పుడు కుర్చీలోంచి లేచి, ఆయన చేత చొక్కా విప్పించి వీపు, ఛాతీ చూశారు, నాలుకని నోట్లోనే కదలకుండా ఉంచమని టార్చిలైటు వేసి చూశారు, సాక్సులు తీయించి అరికాలి మీద గీశారు. అంతకుముందు చూసినవాళ్లెవరూ సాక్సులు తియ్యమనలేదు. నిన్ను చూసే డాక్టరు కూడా ఇంత వివరంగా చూడాలి. చెయ్యి ఒక్కటే చూసి స్కాన్ రాసిస్తే, "కాళ్లు, నాలుక, వీపు కూడా ఒకసారి చూస్తారా అండీ" అని మర్యాదగా అడుగు. అడిగినందుకు మంచి డాక్టరు ఎవరూ ఏమీ అనుకోరు.

వెళ్లేముందు ఒక్క పేజీ రాసుకో, అంతకు మించొద్దు. "నీరసంగా ఉంది" అని రాస్తే వాళ్లకి ఏమీ తెలియదు. ఏ పని ఎప్పటినుంచి కుదరట్లేదో రాయి. తాళంచెవి తిప్పలేకపోవడం ఏ నెలలో మొదలైంది, చొక్కా బొత్తాలు ఎప్పటినుంచి కష్టమయ్యాయి, మెట్లెక్కేటప్పుడు కాలి ముందుభాగం తట్టుకుంటోందా, మాట ముద్దగా వస్తోందా, నీళ్లు తాగేటప్పుడు పొలమారుతోందా. అలసిపోయి పని ఆపెయ్యడాన్నీ, వేలు అసలు లేవకపోవడాన్నీ విడివిడిగా రాయి. తిమ్మిరి, మొద్దుబారడం, మూత్రం పట్టు తప్పడం ఉంటే తప్పకుండా చెప్పాలి, అవి మామూలుగా ఈ జబ్బు లక్షణాలు కావు కాబట్టి దారి వేరే వైపు మళ్లుతుంది. బరువు ఎంత తగ్గావో రాయి. చిన్నప్పుడు పోలియో వచ్చిందా, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నావు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి కండరాల జబ్బుగానీ నడివయసులోనే మతిమరుపు జబ్బుగానీ వచ్చిందా, ఇవన్నీ అడుగుతారు. నాన్నగారి వైపు సంగతులు మీ అమ్మకి తెలియకపోతే మీ మేనత్తని కనుక్కో.

ఫోన్ కూడా పనికొస్తుంది. కండ అదురుతున్నప్పుడు వీడియో తీసి ఉంచు, డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అది అదరకపోవచ్చు. రెండు అరచేతులూ, రెండు చేతుల వెనక వైపూ పక్కపక్కన పెట్టి ఫోటోలు తియ్యి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుంట పడిందా, బొటనవేలి మొదట్లో కండ తగ్గి చిటికెనవేలి వైపు కండ మాత్రం నిలిచి ఉందా అన్నది వాళ్లు ప్రత్యేకంగా చూస్తారు. నెలకోసారి అదే వెలుతురులో అవే ఫోటోలు తీస్తే చాలు. రోజూ అద్దం ముందు నిలబడి వేళ్లు లెక్కపెట్టుకోకు. అదేపనిగా బలం పరీక్షించుకుంటే చెయ్యి అలిసిపోతుంది, నువ్వు ఇంకా భయపడతావు.

అదురు గురించి ఒక్కమాట. బలం తగ్గకుండా, కండ కరగకుండా ఉత్తి అదురు మాత్రమే ఉంటే చాలావరకు ప్రమాదం ఉండదు. నిద్ర లేకపోయినా, టెన్షన్ పడినా, ఎక్కువగా కాఫీ తాగినా కండలు అదురుతాయి. నీ విషయంలో బలం కూడా తగ్గింది కాబట్టి చూపించుకోవాల్సిందే. కానీ కనురెప్ప అదిరిన ప్రతిసారీ ఉలిక్కిపడక్కర్లేదు.

ఇక టెస్టుల సంగతి. మెడ ఎంఆర్‌ఐ ఎలాగూ తీస్తారు, తియ్యాలి కూడా. వెన్నుపాము నొక్కుకుపోయినా ఇలాంటి లక్షణాలే వస్తాయి, దానికి వైద్యం ఉంది. అయితే నలభై దాటినవాళ్లలో ఏ బాధా లేకపోయినా మెడలో ఎంతో కొంత అరుగుదల స్కాన్‌లో కనబడటం మామూలే. అరుగుదల ఉన్నంత మాత్రాన నీ చెయ్యి పడిపోవడానికి అదే కారణం అనుకోకూడదు. ఈ రెంటినీ కలిపేసి అక్కర్లేని మెడ ఆపరేషనో మణికట్టు ఆపరేషనో చేయించుకుని, ఆ తర్వాత అసలు పేరు విన్నవాళ్లు ఉన్నారు. అందుకే ఎవరైనా ఆపరేషన్ అంటే, ఈఎంజీ అనే సూది పరీక్ష అయి, న్యూరాలజిస్టు "అవును, కారణం ఇదే" అనేదాకా సంతకం పెట్టకు. ఆయన కూడా అవునంటే ఇక ఆలస్యం చెయ్యకు.

ఈఎంజీ అంటే కండలోకి సన్నటి సూది గుచ్చి, అందులోని కరెంటు సంకేతాలు చూడటం. దానితోపాటు నరాల వేగం చూసే నెర్వ్ కండక్షన్ టెస్టు కూడా చేస్తారు. నొప్పి ఉంటుంది, ఓర్చుకోగలిగేదే. ఆ రోజు ఒంటికి నూనె, క్రీములు రాసుకోవద్దు. చేతులు చల్లగా ఉంటే నరాల వేగం తప్పుగా వస్తుంది కాబట్టి వెచ్చగా ఉంచుకో. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, సూది ఒక్క చేతికే గుచ్చి పంపెయ్యకూడదు. ఇంకో చెయ్యి, కాళ్లు, వీపు, అవసరమైతే నాలుక లేదా దవడ కండ కూడా చూడాలి. నీకు బాధ తెలియని చోట కూడా మార్పు మొదలైందా లేదా అన్నదే ఈ టెస్టు చెప్పాల్సిన సంగతి. తొలిరోజుల్లో ఇది నిర్ధారణకి సరిపోకపోవచ్చు, అప్పుడు కొన్నాళ్లాగి మళ్లీ చేస్తారు. మళ్లీ చెయ్యమన్నారని కంగారుపడకు.

ఇలాగే కనబడే జబ్బుల్లో ఒకదాన్ని నువ్వు పేరుపెట్టి అడగాలి. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతీ అంటారు. నీ వయసు మగవాళ్లలో ఎక్కువగా వస్తుంది, చేతితో మొదలవుతుంది, స్పర్శ బాగానే ఉండి బలం మాత్రం పోతుంది, అదురూ ఉంటుంది. అంటే దాదాపు మీ అమ్మ చెప్పిన నీ లక్షణాలే. దానికి ఇమ్యునోగ్లోబులిన్ అనే యాంటీబాడీల మందు రక్తనాళంలోకి ఎక్కిస్తే చాలామందికి బలం తిరిగి వస్తుంది. నెర్వ్ కండక్షన్‌లో నరం మధ్యలో అడ్డంకి ఉందేమో జాగ్రత్తగా వెతికితే, జీఎం1 యాంటీబాడీల రక్తపరీక్ష కూడా చేస్తే అది బయటపడే అవకాశం ఉంది. "అది కాదని ఎలా తేల్చారు డాక్టరు గారూ?" అని తప్పకుండా అడుగు. మగవాళ్లకే వచ్చే కెన్నెడీ జబ్బు ఇంకొకటి. అది చాలా నెమ్మదిగా నడుస్తుంది, జన్యుపరీక్షలో తెలుస్తుంది. థైరాయిడ్, బి12, రాగి లోపం, నరం నుంచి కండరానికి కబురు సరిగా అందని మయస్తీనియా, కొన్ని కండరాల వాపు జబ్బులు, ఇవన్నీ డాక్టరు మనసులో ఉండాల్సినవే.

జన్యుపరీక్ష విషయంలో రక్తం ఇచ్చేముందు ఆలోచించుకో. ఈ జబ్బు వచ్చిన ప్రతి పదిమందిలో దాదాపు ఒకరికి కుటుంబంలోనే ఉంటుంది, కుటుంబంలో ఎవరికీ లేనివాళ్లలో కూడా కొందరికి జన్యువులో తేడా దొరుకుతుంది. ఎస్ఓడీ1 అనే జన్యువులో తేడా ఉన్నవాళ్లకి టోఫెర్సెన్ అనే మందుని 2023లో అమెరికాలో అనుమతించారు కాబట్టి పరీక్షకి ఇప్పుడు విలువ పెరిగింది. కానీ ఆ ఫలితం నీ ఒక్కడిది కాదు, నీ తోబుట్టువులకీ పిల్లలకీ కూడా సంబంధించింది. ముందు జన్యుపరీక్షల గురించి సలహా ఇచ్చే జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడు.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మొహమాటపడొద్దు బాబూ. మీ మొదటి అనుమానం ఏది, ఎంత ఖాయంగా అనుకుంటున్నారు, ఏవి కావని తేలాయి, ఇంకా తేలాల్సినవి ఏవి, ఏం కనబడితే మీ అభిప్రాయం మారుతుంది, మళ్లీ ఎప్పుడు చూస్తారు? ఇవి అడిగి రాసుకో. "చూద్దాం లెండి" అన్నా సరే, ఎన్ని నెలలకి, ఏం చూడటానికి అన్నది చెప్పించుకో. మూడు నెలల తర్వాత అదే డాక్టరు అదే సుత్తితో మళ్లీ చూడటం కూడా పరీక్షే. తేదీ లేని నిరీక్షణకి మాత్రం ఒప్పుకోకు.

ఇంకోటి, మొదటిసారి వెళ్లినప్పుడే "ఏం తేలినా ముందు నాకే చెప్పండి" అని డాక్టరుతో అను. మన ఇళ్లలో ప్రేమకొద్దీ గది బయట డాక్టరుని ఆపి "వాడికి చెప్పకండి" అంటారు. ఆ తర్వాత ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నలిగిపోతారు. నేను కళ్లారా చూశాను. నీ ఒంటి సంగతి నీకు తెలియాలి.

వాళ్లు ఇదే జబ్బు అని తేల్చితే, రెండో అభిప్రాయం తీసుకో. అది అవిశ్వాసం కాదు, మంచి డాక్టర్లే తీసుకోమంటారు. ఉత్త రిపోర్టు కాగితాలు కాకుండా స్కాన్ సీడీలు, ఈఎంజీ అంకెల పట్టికలు కూడా తీసుకెళ్లు. ఇద్దరు అనుభవజ్ఞులు విడివిడిగా చేత్తో చూసి ఒకే మాట చెప్తే అక్కడితో ఆపు. ఐదో డాక్టరు కోసం తిరుగుతూ నెలలు పోగొట్టుకోవద్దు. స్టెమ్ సెల్స్‌తో నయం చేస్తామనేవాళ్ల ప్రకటనలు నీ ఫోన్‌లోకి వస్తాయి, డబ్బు కట్టకు, అది నిరూపణ అయిన వైద్యం కాదు.

పేరు తేలేదాకా ఏ వైద్యమూ ఉండదనుకోకు. పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, పొద్దున్నే లేవగానే తలనొప్పి, పగలంతా మత్తు, మింగేటప్పుడు పొలమారడం, బరువు తగ్గడం, వీటిలో ఏది కనబడినా అపాయింట్‌మెంటు తేదీ కోసం ఆగకుండా వెంటనే చెప్పాలి. ఊపిరి ఆడక మరీ ఆయాసమైతే ఫోన్లు చేస్తూ కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లిపో. ఊపిరి బలం కొలిచే పరీక్ష ఉంది, రాత్రిపూట ముఖానికి పెట్టుకునే శ్వాస మిషన్ ఉంది. రిలుజోల్ 1995 నుంచీ వాడుకలో ఉన్న మందు, నయం చెయ్యదు, కాస్త కాలం కలిసొస్తుంది. నిర్ధారణ దాదాపుగా ఖాయమైందనిపిస్తే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెప్తారు. వాడినన్నాళ్లూ కాలేయం పరీక్షలు చేయించుకోవాలి. బొటనవేలికి పట్టీ, లావు పిడి ఉన్న పెన్ను లాంటివి ఇవ్వడానికి ఫిజియోథెరపీ వాళ్లకి జబ్బు పేరుతో పని లేదు, ఈ వారమే వెళ్లు.

ఇంటర్నెట్‌లో సగటు ఆయుష్షు లెక్కలు చదివే ఉంటావు. స్టీఫెన్ హాకింగ్‌కి 1963లో, 21 ఏళ్ల వయసులో ఈ జబ్బు తేలింది, ఆయన 2018 దాకా బతికారు. అంత నెమ్మది చాలా అరుదు, నీకూ అలాగే అవుతుందని నేను అనను. మనిషికీ మనిషికీ ఈ జబ్బు నడక ఎంత తేడాగా ఉంటుందో తెలియడానికి చెప్తున్నాను. నీకు ఉందో లేదో తెలియని జబ్బు లెక్కలు రాత్రి రెండింటికి చదవడం మానెయ్యి.

అపాయింట్‌మెంటు తేదీ ఖాయమవగానే నాకు కబురు చెయ్యి. నీకు ఇష్టమైతే పక్కన కూర్చుని డాక్టరు చెప్పేది రాసుకునే పని నేను చేస్తాను. మీ అమ్మతో కూడా నేనే ముందుగా మాట్లాడతాను, ఆ భారం నీ మీద పెట్టుకోకు.

ప్రేమతో,
పెద్దమ్మ