రెండు బండ్ల లెక్క రాలేదని గ్రూపు మార్చేస్తారా?

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. కూకట్‌పల్లిలో ఐఐటీ బ్యాచ్‌లో వేశాం. ఫిజిక్స్‌లో రెండు వాహనాల లెక్క వస్తే వదిలేసి వస్తున్నాడు. పక్క ఫ్లాట్ అమ్మాయికి అదే టెస్టులో 80 పైన వస్తున్నాయి. ట్యూషన్ పెట్టించాలా, సీఈసీకి మార్చాలా?

జవాబు: అమ్మా, ఏటా ఆగస్టు వచ్చేసరికి ఇదే ప్రశ్న. చాప్టర్ మారుతుందేమో గానీ లోపలి భయం ఒక్కటే, మావాడికి బుర్ర లేదేమో అని. ఉంది. ముందు ఆ టెన్షన్ తీసేయండి.

మొన్న ఇలాంటి అబ్బాయికే ఒక లెక్క ఇచ్చాను. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు, ఆగి ఉన్న పోలీసు జీపును దాటిన క్షణంలోనే జీపు బయల్దేరి, దాని వేగం సెకనుకు 2 మీటర్ల చొప్పున ప్రతి సెకనూ పెరుగుతుంటే, కారును ఎప్పుడు అందుకుంటుంది? 72ని 5/18తో గుణించి సెకనుకు 20 మీటర్లు అని చకచకా వేశాడు. తర్వాత రెండు వేగాలూ సమానం చేసి 10 సెకన్లు అన్నాడు. తప్పే, కానీ బుర్ర ఉన్నవాడు చేసే తప్పు! అప్పటికి కారు 200 మీటర్లు పోయింది, జీపు 100 దగ్గరే ఉంది. వేగాలు కలిశాయి, బండ్లు కలవలేదు. పైగా ఎడం అన్నిటికంటే ఎక్కువ ఉండేది సరిగ్గా అక్కడే. ఒక గీత గీసి రెండు చుక్కలు పెట్టమన్నాను, దూరాలు సమానం కావాలని తనే దిద్దుకున్నాడు: 20 సెకన్లు, 400 మీటర్లు. ఆ క్షణాన జీపు వేగం గంటకు 144. అవుటర్ రింగ్ రోడ్డు మీదే 120 దాటకూడదు కదా, "సార్, జీపుకే చలానా" అని నవ్వాడు.

గీత గీసే తీరిక మీవాడికి ఉందా? వారానికో చాప్టర్ లాగించేసి ఆదివారం పరీక్ష పెట్టి ర్యాంకులు గోడకు అంటించే ఈ బ్యాచ్‌ల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ముందు బెంచీల్లో కొందరికి సరిపోతుంది. మిగతావాళ్లు "బండ్లు ఎదురొస్తే వేగాలు కూడు, ఒకే వైపు పోతే తీసెయ్" అని బట్టీ పట్టి, త్వరణం ఉన్న, అంటే వేగం మారుతూ పోయే లెక్కలోనూ అదే కొట్టేస్తారు.

కటువుగా అంటున్నా, ఏమనుకోకండి. పక్కింటి అమ్మాయి మార్కులు రాశారు, మీవాడికి ఏమిష్టమో ఒక్క ముక్క రాయలేదు. సీఈసీ మాట వాడన్నాడా, మీరన్నారా? సీఏ, లా మీద మనసున్న పిల్లలు కోరి తీసుకునే గ్రూపది, శిక్ష వేసి పంపేది కాదు.

ట్యూషన్ అంటారా, ఇంటి దగ్గరే, ఫిజిక్స్ ఒక్కటే, గంటకు మించొద్దు. గ్రూపు సంగతి దసరా సెలవుల దాకా ఎత్తకండి. అప్పటికీ అనుమానముంటే నా దగ్గరికి తీసుకురండి, వాడొక్కడే లోపలికి వస్తాడు, మీరు బయట కూర్చోవాలి.